బలమైన జట్టుతో మ్యాచ్ అంటే ముందుగా మీ గోల్‌కీపర్ గురించి ఆలోచించండి

మీ అమ్మాయి ఆడే పదమూడేళ్ళ లోపు బాలికల జట్టుకు వచ్చే ఆదివారం ఒక అకాడమీ జట్టుతో ఫుట్‌బాల్ మ్యాచ్ ఉందనీ, ఆ జట్టు ఇప్పటికే రెండు ఆటల్లో పదేసి గోల్స్ దాటించిందనీ, పిల్లల మనసు విరిగిపోతుందన్న భయంతో మీ అపార్ట్‌మెంట్‌లో కొందరు తల్లిదండ్రులు మ్యాచ్ మానుకుందామంటున్నారనీ రాశారు. ఆడించాలా వద్దా, ఆడిస్తే ఎలా సిద్ధం చేయాలి అన్నది మీ ప్రశ్న. బెంగళూరులోనే, సర్జాపుర రోడ్డు వైపు ఉన్న మా జట్టుకు మూడేళ్ళ క్రితం సరిగ్గా ఇదే పరిస్థితి ఎదురైంది. నేను కోచ్‌ను కాను; నీళ్ళ సీసాలు, హాజరు పుస్తకం, వయసు ధ్రువపత్రాల నకళ్ళు చూసుకుంటూ జట్టు వెంట తిరిగే తల్లిని. ఒకే జట్టుతో నాలుగు నెలల తేడాతో రెండుసార్లు ఆడాం. మొదటిసారి 11–0, రెండోసారి 6–0. రెండూ ఓటములే అయినా పిల్లలు ఇంటికి వచ్చిన తీరు పూర్తిగా వేరు. ఆడించండి అన్నదే నా సలహా. అయితే మిగతా ఏర్పాట్లన్నిటికంటే ముందు మీ గోల్‌కీపర్ గురించి ఆలోచించండి.

మా గోల్‌కీపర్‌కు అప్పుడు పదకొండేళ్ళు. వాళ్ళది కదిరి దగ్గర ఊరు, తండ్రి ఇక్కడ స్కూలు వ్యాన్ నడుపుతారు. జట్టులో అందరికంటే పొడవుగా ఉందని, ఇంకెవరూ ఒప్పుకోలేదని ఆ అమ్మాయిని గోల్‌లో నిలబెట్టాం. ఆ టోర్నమెంట్‌లో జట్టుకు తొమ్మిది మంది చొప్పున ఆడారు కానీ, గోల్ స్తంభాలు మాత్రం పెద్దవాళ్ళవే, అంటే 7.32 మీటర్ల వెడల్పు, 2.44 మీటర్ల ఎత్తు. నాలుగడుగుల తొమ్మిది అంగుళాల అమ్మాయి ఎంత ఎగిరినా పై కమ్మీకి చేయి ఆనదు. ఎదుటి జట్టు అమ్మాయిలు పది నిమిషాల్లోనే ఆ సంగతి గ్రహించి, దూరం నుంచే బంతిని ఎత్తి కొట్టడం మొదలుపెట్టారు. పడిన పదకొండు గోల్స్‌లో కనీసం ఐదు ఆమె తల మీదుగా వెళ్ళినవే. ప్రతిసారీ ఆ పిల్ల ఒక్కతే వెనక్కి తిరిగి, వల లోపలికి వంగి, బంతి తీసి మధ్య గీత వైపు విసిరింది. మిగతా ఎనిమిది మందీ అప్పటికే తలలు దించుకుని తమ చోట్లకు నడిచి వెళ్ళిపోయారు. నేను గీత అవతల నిలబడి మా అమ్మాయి పేరే పెట్టి పిలుస్తూ చప్పట్లు కొట్టాను. ఆట అయ్యాక ఆ గోల్‌కీపర్ పిల్ల నా దగ్గరికి వచ్చి, "ఆంటీ, ఎన్ని గోల్స్ పడ్డాయో నాకు లెక్క తప్పింది, ఎన్ని?" అని అడిగింది. సంఖ్య చెప్పాను. ఇంకేం చెప్పాలో తోచలేదు. ఆ తర్వాత రెండు వారాలు ఆమె సాధనకు రాలేదు.

ఆ ఓటమికి కారణం మన పిల్లల్లో ఏదో తక్కువ ఉండటం కాదని తల్లిదండ్రులు ముందుగా అర్థం చేసుకోవాలి. బెంగళూరులో ఆస్టిన్ టౌన్, హలసూరు దగ్గరి గౌతమపుర వంటి పేటల్లో ఫుట్‌బాల్ తరతరాల ఆట. గౌతమపురలో పెలే విగ్రహం కూడా ఉంది. అటువంటి పేటల్లో పిల్లలు నడక వచ్చిన నాటి నుంచీ సందుల్లో బంతితో పెరుగుతారు. అకాడమీల్లో చేరినవాళ్ళు వారానికి నాలుగైదు రోజులు సాధన చేస్తారు. మా పిల్లలేమో శని, ఆదివారాల్లో గంటకింత అని కట్టి అద్దెకు తీసుకున్న టర్ఫ్ (కృత్రిమ గడ్డి మైదానం) మీద ఆడేవారు. తేడా గడిపిన గంటల్లో ఉంది. ఈ మాట మా కోచ్ పిల్లలకు లెక్క వేసి మరీ చూపించారు, వాళ్ళు ఏడవకుండా విన్నారు. పిల్లలకు నిజం చెప్పవచ్చు, వాళ్ళు దాన్ని మనకంటే బాగానే మోస్తారు.

రెండో మ్యాచ్‌కు ముందు మేము చేసిన మార్పుల్లో అన్నిటికంటే ఎక్కువగా పనిచేసింది ఆటకు సంబంధించినదే కాదు. గోల్ పడినప్పుడు బంతిని వలలోంచి గోల్‌కీపర్ తీయకూడదని నియమం పెట్టుకున్నాం. దగ్గరలో ఉన్న డిఫెండర్ వెళ్ళి తీయాలి, ఇద్దరు డిఫెండర్లు ఆమె గ్లవ్స్‌కు చేయి తగిలించి, ఒక్క మాటైనా మాట్లాడిన తర్వాతే తమ చోటికి వెళ్ళాలి. దీనికి నాలుగైదు సెకన్లకు మించి పట్టదు. కానీ, ఆ గోల్ తొమ్మిది మందిదీ అన్న సంగతి మాటల్లో ఎన్నిసార్లు చెప్పినా ఎక్కనిది, ఆ నాలుగు సెకన్లలో పిల్లలకు ఎక్కింది. సాధనలో కూడా దీన్ని పాటించాం, ఎందుకంటే మ్యాచ్ రోజు కొత్తగా చెబితే మూడో గోల్‌కే మరిచిపోతారు.

ఇక గోల్ కిక్, అంటే ఎదుటివాళ్ళు కొట్టిన బంతి గోల్‌లో పడకుండా మన గోల్ పక్క గీత దాటిపోతే మనం మళ్ళీ ఆట మొదలుపెట్టే కిక్. బలహీనమైన జట్టుకు చాలా గోల్స్ ఇక్కడే పడతాయి. 2019లో మారిన నియమం ప్రకారం గోల్ కిక్ కొట్టిన బంతి కదిలిన క్షణం నుంచే ఆటలోకి వచ్చినట్లు. అప్పటిదాకా ఎదుటివాళ్ళు పెనాల్టీ ప్రాంతం (గోల్ ముందు గీసిన పెద్ద చతురస్రం) బయటే ఉండాలి గానీ, ఆ గీత మీదే కాచుకుని ఉండి వెంటనే మీద పడతారు. చిన్న అమ్మాయి కొట్టిన బంతి పదిహేను మీటర్లు కూడా పోక వాళ్ళ కాళ్ళకే చేరుతుంది, ఆమె ఇంకా గోల్‌కు ఎదురుగా సర్దుకునేలోపే షాట్ వచ్చేస్తుంది. గోల్ కిక్ గోల్‌కీపరే కొట్టాలన్న నియమం లేదు. మా జట్టులో కాలిలో బలం ఉన్న డిఫెండర్ చేత, పక్క గీత వైపు కొట్టించాం. గోల్‌కీపర్ తన చోటే నిలబడింది. గోల్ కిక్ నుంచి నేరుగా వచ్చిన బంతికి ఆఫ్‌సైడ్ (ఎదుటి డిఫెండర్లను దాటి ముందు నిలబడి బంతి అందుకోరాదన్న నియమం) వర్తించదు కాబట్టి, మా ఫార్వర్డ్ ఎంత ముందు నిలబడినా ఇబ్బంది లేదు. భయం వేసినప్పుడు పిల్లలు బంతిని వెనక్కి గోల్‌కీపర్‌కే ఇచ్చేస్తారు. సహచరి కావాలని కాలితో వెనక్కి ఇచ్చిన బంతిని ఆమె చేత్తో పట్టరాదు కనుక, అది ఆమెను ఇంకా పెద్ద ఆపదలోకి నెట్టడమే. కంగారు పుట్టిన చోట బంతిని పక్క గీత దాటించమని, ఎదుటివాళ్ళకు త్రో (పక్క గీత నుంచి బంతిని చేత్తో విసిరే అవకాశం) ఇచ్చినా పరవాలేదని చెప్పాం. తలెత్తి చూసే వ్యవధి దొరకడమే మాకు అప్పుడు లాభం.

అందరినీ గోల్ ముందు గోడలా పేర్చడం మాత్రం చేయకండి. మొదటి ఆటలో మేము అదే చేశాం. దానివల్ల ఎదుటివాళ్ళ డిఫెండర్లు కూడా ముందుకు వచ్చేశారు, మా గోల్‌కీపర్‌కు బంతి కనబడనంతగా కాళ్ళ అడవి తయారైంది. రెండోసారి ఒక అమ్మాయిని ఏం జరిగినా మధ్య గీత దగ్గరే ఉండమన్నాం. ఆమె కోసం వాళ్ళు ఇద్దరిని వెనక ఉంచుకోవలసి వచ్చింది. మిగతావాళ్ళం మధ్యలో దగ్గర దగ్గరగా నిలబడి, అంచులు వాళ్ళకే వదిలేశాం. పక్క నుంచి కొట్టే బంతి మధ్య నుంచి కొట్టేదానికంటే గోల్‌కీపర్‌కు సులువు. మరో అమ్మాయికి నెల ముందు నుంచీ గోల్‌లో సాధన ఇప్పించి, రెండో అర్ధభాగం ఆమెకు అప్పగించాం. మొదటి గోల్‌కీపర్ ఆ ఇరవై ఐదు నిమిషాలు కుడి పక్కన పరుగెత్తింది. ఆ రోజు ఆమె నవ్వు నేను చూశాను.

లెక్క పెట్టుకోవడానికి పిల్లలకు వేరే అంకె ఒకటి ఇవ్వండి. మేము ఎంచుకున్నది బంతితో మధ్య గీతను ఎన్నిసార్లు దాటామన్నది. మొదటి ఆటలో అందరూ గుర్తుచేసుకుంటే నాలుగుసార్లు తేలింది. రెండో ఆటలో పదిహేడు. బయట కూర్చున్న మార్పు ఆటగత్తెలకు ఆ లెక్క రాసే పని ఇచ్చాం, దాంతో వాళ్ళు కూడా ఆటలోనే ఉన్నారు.

మానుకుందామంటున్న తల్లిదండ్రులకు నేనైతే రెండు ఉదాహరణలు చెబుతాను. 2022 అక్టోబర్ 11న భువనేశ్వర్‌లోని కళింగ స్టేడియంలో, పదిహేడేళ్ళ లోపు మహిళల ప్రపంచ కప్‌లో మన అమ్మాయిలు అమెరికా చేతిలో 8–0తో ఓడిపోయారు. మూడు రోజుల తర్వాత అదే మైదానంలో మొరాకోతో ఆడినప్పుడు మొదటి అర్ధభాగమంతా ఒక్క గోల్ కూడా పడనివ్వలేదు. చివరికి 3–0తో ఓడారు, అయినా ఆ నలభై ఐదు నిమిషాలు చూసినవాళ్ళెవరూ ఆ పిల్లలు విరిగిపోయారని అనలేరు. రెండోది 2019 మహిళల ప్రపంచ కప్. అమెరికా థాయ్‌లాండ్ మీద 13 గోల్స్ చేసింది. ఆట ముగిశాక అమెరికా క్రీడాకారిణి కార్లీ లాయిడ్ ప్రత్యేకంగా థాయ్ గోల్‌కీపర్ దగ్గరికి వెళ్ళి ధైర్యం చెప్పింది. మైదానంలో అంతమంది ఉండగా ఎవరి దగ్గరికి వెళ్ళాలో ఆమెకు తెలుసు. ఐదు రోజుల తర్వాత స్వీడన్‌తో 5–1తో ఓడిన ఆటలో, ఆఖర్లో కలిపిన నిమిషాల్లో థాయ్‌లాండ్ చేసిన ఒకే ఒక్క గోల్‌కు వాళ్ళ బెంచీ మీద కన్నీళ్ళు పెట్టుకున్నారు.

మా జట్టులో ఒక నాన్నగారు హైదరాబాద్‌కు చెందిన కోచ్ రహీం గారి శిక్షణలో 1962 ఆసియా క్రీడల్లో భారత ఫుట్‌బాల్ జట్టు మొదట దక్షిణ కొరియాతో 2–0తో ఓడి, మళ్ళీ ఫైనల్లో అదే జట్టును 2–1తో గెలిచిన కథను ఆటకు ముందు పిల్లలకు చెప్పారు. నిజమైన కథ, నాకూ ఎంతో ఇష్టమైనది. అయినా ఆ ఉదయం అది చెప్పకుండా ఉంటే బాగుండేది. గెలవాలేమో అన్న బరువు పిల్లల ముఖాల్లో అప్పటికప్పుడే కనబడింది. ఆ కథ సోమవారం చెప్పుకోవచ్చు.

గోల్స్ ఆపమని ఎదుటి కోచ్‌ను బతిమాలవద్దు. గోల్ కొట్టకుండా చుట్టూ బంతి తిప్పుతూ నవ్వుకుంటే పిల్లలకు అంతకంటే ఎక్కువ బాధ. కావాలంటే, ఆధిక్యం బాగా పెరిగాక తమ మార్పు ఆటగత్తెలను దించగలరా అని మర్యాదగా అడగవచ్చు. మేము అడిగితే ఆయన వెంటనే ఒప్పుకున్నారు. గీత అవతల నుంచి సలహాలు అరవకుండా ఉండటం మనకు కష్టమే, అయినా ఉండాలి. తెలుగు, కన్నడ, హిందీల్లో ముగ్గురు మూడు మాటలు అరిస్తే పన్నెండేళ్ళ పిల్ల ఏది వినాలి? మేము ఒక్క మాటకే ఒప్పుకున్నాం, ఏ అమ్మాయి మంచి పని చేసినా ఆమె పేరు పిలిచి చప్పట్లు కొట్టడం. నేను మా అమ్మాయి పేరు పిలవనని ముందే మాట ఇచ్చాను. ఆట అయ్యాక పిల్లలందరినీ దగ్గరలోని దర్శినికి (నిలబడి తినే చిన్న హోటల్‌కు) తీసుకువెళ్ళి దోసెలు పెట్టించాం, స్కోరు ప్రస్తావన పెద్దవాళ్ళెవరూ తేలేదు. పిల్లలు మాత్రం పదిహేడు అన్న అంకె గురించి, అందులో రెండు కార్నర్లు కూడా వచ్చాయన్న దాని గురించి మాట్లాడుకున్నారు.

ఆదివారానికి ఇంకా సమయం ఉంది కాబట్టి రెండు పనులు వెంటనే చేయండి. గోల్ స్తంభాలు ఏ కొలతవో నిర్వాహకులను అడిగి, పెద్దవే అయితే ఆ సంగతి మీ గోల్‌కీపర్‌కు ముందే చూపించి, తల మీదుగా వెళ్ళే బంతి ఆమె తప్పు కాదని జట్టు అందరి ముందూ చెప్పండి. అలాగే ఆమె చేతికి సరిపోయే గ్లవ్స్ ఉన్నాయేమో శనివారం లోపే చూసుకోండి. మా మొదటి మ్యాచ్‌లో ఆ పిల్ల వేసుకున్నవి వాళ్ళ అన్నయ్యవి, ఆ సంగతి మాకు ఆట అయిపోయిన తర్వాత తెలిసింది.