అతినీలలోహితంలో ‘అతి’

సందేహం: తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి, ‘అతినీలలోహిత కిరణాలు అంటే బాగా ముదురు నీలం కిరణాలా?’ అని అడిగింది. టీవీ రిమోట్ పరారుణ కిరణాలతో పనిచేస్తుంది కదా, ఎర్రని వెలుగు కనిపించదేం అని కూడా అడిగింది. ‘ఎక్స్‌రే కిరణాలు’ అనవచ్చా? దయచేసి వివరించగలరు.

సమాధానం: మీ అమ్మాయి పదాన్ని విడదీసి అర్థం వెతుక్కుంది. చాలా సంతోషం. పొరపాటు ‘అతి’ దగ్గర జరిగింది. అతివృష్టి, అతివేగం అన్నప్పుడు అతి అంటే ఎక్కువ. మన చెవికి అలవాటైనది అదే. కానీ అతీంద్రియం అంటే ఇంద్రియాలకు అందకుండా వాటిని దాటినది. అతినీలలోహితం కూడా అలాంటిదే, నీలలోహితాన్ని దాటినది. నీలం, లోహితం అంటే ఎరుపు, ఈ రెండూ కలిసిన ఊదా రంగే నీలలోహితం. ఇది పాఠ్యపుస్తకాల కోసం పుట్టించిన మాట కాదు. నీలలోహితుడు అమరకోశం చెప్పిన శివనామాల్లో ఒకటి. పత్రికల్లో ‘అతి నీలలోహిత’ అని విడగొట్టి రాయడం వల్లనే ‘మరీ నీలం’ అనే భ్రమ కలుగుతోంది. కలిపే రాయాలి.

పర, అరుణ కలిసి సవర్ణదీర్ఘ సంధితో పరారుణ అయింది. పరలోకంలోని ‘పర’ ఇదే. పరారుణం అంటే ఎరుపుకు అవతలిది. ఈ ‘అవతల’ నిజంగా ఒక చోటు. 1800లో ఇంగ్లండులో విలియం హెర్షెల్ అనే శాస్త్రవేత్త పట్టకంతో ఎండను రంగులుగా విడదీసి, ఒక్కో రంగులో ఉష్ణమాపకం ఉంచి చూశాడు. ఎరుపు దాటాక, ఏ వెలుగూ లేని చోట పాదరసం ఇంకా పైకి ఎక్కింది. మరుసటి ఏడాది జర్మనీలో రిట్టర్ అనే శాస్త్రవేత్త రెండో కొసన, అంటే ఊదా వైపు వెతికాడు. వెలుగు తగిలితే నల్లబడే సిల్వర్ క్లోరైడ్, ఊదా దాటిన చీకటిలో మరింత త్వరగా నల్లబడింది. మన కంటికి ఈ రెండు కొసల నడుమే చూపు. అందుకే రిమోట్ వెలుగు మీకు కనిపించదు. దాన్ని కొన్ని ఫోన్ల కెమెరాకు ఎదురుగా పెట్టి మీట నొక్కండి, తెరమీద చిన్న వెలుగు మెరుస్తుంది. అమ్మాయికి తప్పకుండా చూపించండి.

హిందీ కూడా చదివే పిల్లలకు మరో చిక్కు ఉంది. అక్కడ ‘పరాబైంగనీ’ అంటే మన అతినీలలోహితం, పరారుణానికి వాడేది ‘అవరక్త’. ‘పరా’ వినగానే పరారుణం అనుకుంటే తారుమారవుతుంది.

‘ఎక్స్‌రే కిరణాలు’ వద్దు. ‘రే’ అంటేనే కిరణం. ‘ఎక్స్‌రే తీయించాం’ అన్నప్పుడు ఆ మాటకు ఫొటో అనే అర్థం స్థిరపడింది కాబట్టి అది తప్పు కాదు. కిరణాల గురించి చెప్పేటప్పుడు ‘ఎక్స్ కిరణాలు’ చాలు. 1895లో వాటిని కనుగొన్న రాంట్‌జెన్ అవేమిటో తెలియక, గణితంలో తెలియని రాశికి పెట్టే గుర్తునే వాటికి పెట్టాడు. పాత పుస్తకాల్లో కనిపించే ‘క్ష కిరణాలు’ ఆ అక్షరం ధ్వనిని పట్టుకుంది గానీ, ‘తెలియనిది’ అనే సూచనను తేలేకపోయింది. నేనైతే ‘ఎక్స్’ అనే రాస్తాను.