పర్యావరణం పేరెత్తకుండా మా అపార్ట్‌మెంటులో తవ్వించిన ఇంకుడు గుంతలు

పర్యావరణం మాట ఎత్తగానే జనం విసుక్కుంటున్నారనీ, ఏ కారణం చెబితే వారు అలవాట్లు మార్చుకుంటారనీ మీరు అడిగారు. హైదరాబాదు పడమటి వైపున ఇరవై నాలుగు ఇళ్లున్న అపార్ట్‌మెంటు సంఘానికి మూడేళ్లు కార్యదర్శిగా ఉన్న అనుభవంతో చెబుతున్నాను.

ఆ విసుగును నేను తప్పుపట్టను. ఏటా పర్యావరణ దినోత్సవమైన జూన్ 5న మా కూడలిలో ప్లాస్టిక్‌ను తరిమికొట్టమంటూ కట్టే బ్యానరే ప్లాస్టిక్ ఫ్లెక్సీ. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ గ్లాసులు, చెంచాలు, స్ట్రాల వంటివాటిని 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించినా, పెళ్లి భోజనాల్లో అవి మామూలుగానే కనిపిస్తున్నాయి. ఇవన్నీ చూస్తున్న మనిషికి మళ్లీ మనం నీతులు చెప్పబోతే వినాలనిపించదు.

నేనూ ఆ పొరపాటు చేసినవాణ్నే. 2023లో ఇంకుడు గుంతల కోసం సమావేశం పెట్టి, భూగర్భ జలాలు, రాబోయే తరాలు అంటూ అరగంట మాట్లాడాను. వచ్చింది ఆరుగురు, వారిలో ఇద్దరు పార్కింగ్ తగాదా తేల్చుకోవడానికి వచ్చినవారు. మరుసటి వేసవిలో మా రెండు బోర్లలో ఒకటి పూర్తిగా ఎండిపోగా, రెండోది అరగంట పోసి ఆగిపోయేది. అప్పుడు పెట్టిన సమావేశానికి ట్యాంకర్ల రసీదులు మాత్రమే తీసుకువెళ్లి, మొత్తాన్ని ఇరవై నాలుగుతో భాగించి, ఇంటికి నెలకు రెండు వేల ఎనిమిది వందలు పడుతోందని చూపించాను. ఆ తర్వాత డాబా లెక్క చెప్పాను. మా డాబా 400 చదరపు మీటర్లు. ఒక్క సెంటీమీటరు వాన పడితే దాని మీద నాలుగు వేల లీటర్లు కురిసినట్టే. నగరంలో ఏడాదికి సుమారు 80 సెంటీమీటర్ల వాన పడుతుంది కనుక, పదివేల లీటర్ల ట్యాంకర్లు ముప్పై రెండింటి నీటిని మనమే మురుగు కాలువలోకి వదులుతున్నామన్నమాట. ఆ నీటిని గుంతల్లోకి మళ్లించినా కొంత ఆవిరవుతుంది, ఇంకినదంతా మన బోరుకే చేరుతుందన్న హామీ కూడా లేదు. అది దాచకుండా చెప్పాను. అయినా ఆ రాత్రే గుంతలకు చందాలు ఖరారయ్యాయి. తర్వాతి వేసవిలో ఏప్రిల్ రెండో వారం దాకా ట్యాంకర్ అవసరం రాలేదు, కాకపోతే 2024లో వానలు బాగా పడ్డాయి కనుక ఘనత అంతా గుంతలదేనని అనలేను.

ఫ్యాన్ల విషయమూ ఇంతే. పాత ఫ్యాను 75 వాట్లు తీసుకుంటే తక్కువ కరెంటుతో నడిచే కొత్త రకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాను ముప్పై వాట్ల దగ్గర తిరుగుతుంది. రోజుకు పన్నెండు గంటలు తిరిగే నాలుగు ఫ్యాన్లు మారిస్తే నెలకు అరవై యూనిట్లకు పైగా మిగులుతాయి. తెలంగాణలో నెల వాడకం 200 యూనిట్లు దాటితే మొదటి యూనిట్ నుంచే ఎక్కువ రేటు పడుతుంది కనుక, ఆ గీతకు అటూ ఇటూ ఉండే ఇళ్లకు ఈ మాట చెప్పగానే అర్థమైంది.

అయితే డబ్బు లెక్క అన్నిచోట్లా పనిచేయదు. కరీంనగర్‌లో సొంత ఇల్లున్న మా తోడల్లుడు పీఎం సూర్య ఘర్ అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద మూడు కిలోవాట్ల సోలార్ పలకలు పెట్టించుకుని, 78,000 రూపాయల సబ్సిడీ అందుకుని, కరెంటు ఎలాగూ ఉచితమేనని రెండో ఏసీ కొన్నాడు. జేబు కోసం మారినవారు జేబు నిండగానే ఇలా వెనక్కి రావచ్చు.

తడి, పొడి చెత్త వేరు చేయడంలో మిగిలే రూపాయే లేదు కాబట్టి అక్కడ నా రసీదులు పనికిరాలేదు. ఒకరోజు మా చెత్త తీసుకువెళ్లే ఆవిడ, అన్నం మెతుకుల మధ్య ఉన్న పగిలిన గాజు గుచ్చుకుని, చేతికి కట్టుతో వచ్చింది. ఎవరి డబ్బాలో అలా జరిగిందో ఆవిడ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఆ వారం నుంచి చాలా ఇళ్ల ముందు రెండు డబ్బాలు కనిపించసాగాయి. మూడు ఇళ్ల నుంచి మాత్రం ఇప్పటికీ కలిపిన చెత్తే వస్తోంది.