అమెరికా శాంతి ఉద్యమాల మీద డిసర్టేషన్ ఇక్కడ కూర్చుని చేయొచ్చా?

మీ ప్రశ్న చదవగానే పాతికేళ్ల కిందటి నేనే గుర్తొచ్చాను. "ఎం.ఎ. హిస్టరీ చివరి ఏడాది, 'అమెరికాలో శాంతి, యుద్ధ వ్యతిరేక ఉద్యమాల చరిత్ర' అని టాపిక్ ఇచ్చాను, అమెరికా వెళ్లే స్తోమత లేదు, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగారు. నేనూ దాదాపు ఇదే టైటిల్‌తో మా సార్ దగ్గరికి వెళ్లాను. ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "నీకెన్ని జన్మలున్నాయిరా?" అన్నారు.

చేయొచ్చు. కాకపోతే ఈ టైటిల్‌తో మాత్రం వద్దు. పెన్సిల్వేనియా క్వేకర్లతో (యుద్ధం వద్దనే ఒక క్రైస్తవ శాఖ) మొదలుపెట్టారంటే 1828 నాటి అమెరికన్ పీస్ సొసైటీ, 1898 తర్వాత ఫిలిప్పీన్స్ ఆక్రమణ వద్దన్న యాంటీ ఇంపీరియలిస్ట్ లీగ్, రెండు ప్రపంచ యుద్ధాలు, అణుపరీక్షలు, వియత్నాం, 1982 జూన్ 12న న్యూయార్క్‌లో దాదాపు పది లక్షల మంది చేరిన అణ్వస్త్ర వ్యతిరేక ప్రదర్శన, 2003లో ఇరాక్... ఇలా పోతూనే ఉంటుంది. వీళ్లందరూ "యుద్ధం వద్దు" అన్నవాళ్లే గానీ ఎవరి కారణం వాళ్లది. క్వేకర్లకి మనిషిని చంపడం పాపం. సోషలిస్టు నాయకుడు యూజీన్ డెబ్స్‌కి మొదటి ప్రపంచ యుద్ధం యజమానుల యుద్ధం. ఆ మాట 1918లో ఓహాయోలోని కాంటన్‌లో ఉపన్యాసంగా చెప్పినందుకు పదేళ్ల శిక్ష పడింది. 1920లో జైల్లోంచే అధ్యక్ష పదవికి పోటీ చేస్తే తొమ్మిది లక్షల పైచిలుకు ఓట్లు వచ్చాయి. ఫిలిప్పీన్స్‌ను కలుపుకోవద్దన్నవాళ్లలో అయితే, ఆ నల్లవాళ్లు మనలో కలిసిపోతారేమోనన్న జాత్యహంకారంతో వద్దన్నవాళ్లూ ఉన్నారు. వీళ్లందర్నీ ఒక్క తాటి మీద కట్టబోతే ముడి పడదు.

నేను చదివే రోజుల్లో ఉస్మానియా క్యాంపస్‌లోని అమెరికన్ స్టడీస్ రిసెర్చ్ సెంటర్ లైబ్రరీయే మాకు అమెరికా. 1964లో పెట్టిన ఆ సంస్థకి నా టైమ్‌కే పేరు మారిపోయినా మేం పాత పేరుతోనే పిలిచేవాళ్లం. అమెరికా సర్కారు సాయంతో నడిచిన లైబ్రరీలో ఫ్యాను కింద కూర్చుని, ఆ సర్కారుని తిట్టినవాళ్ల చరిత్ర చదవడం తమాషాగా ఉండేది. కానీ అక్కడ చదివినవన్నీ ఎవరో తవ్వి తీసి, కడిగి పెట్టినవి. అసలు కాగితం ముట్టుకున్నది తర్వాత పీహెచ్‌డీకి ఫిలడెల్ఫియా వెళ్లాకే. అక్కడ ఒక పొరపాటు చేశాను. మీ ప్రశ్నకి నా జవాబు చాలావరకు అందులోనే ఉంది.

ఫిలడెల్ఫియా నుంచి లోకల్ ట్రైన్లో స్వార్త్‌మోర్ వెళ్తే, కాలేజీ లైబ్రరీలో పీస్ కలెక్షన్ ఉంటుంది. 1930 ప్రాంతంలో శాంతి ఉద్యమ నాయకురాలు జేన్ ఆడమ్స్ తన కాగితాలు ఇవ్వడంతో మొదలైంది. బ్యాగు బయట పెట్టాలి, పెన్ను వాడకూడదు, పెన్సిల్ మాత్రమే. ఒకసారికి ఒక ఫోల్డరే తెరవాలి. ఒక స్థానిక కమిటీ తాలూకు పెట్టెలో సైక్లోస్టైల్ కరపత్రం ఒకటి దొరికింది. మూడు మడతలు పెట్టి, కవరు లేకుండానే పోస్టు చేసినది. "శనివారం, ఏప్రిల్ 17. వాషింగ్టన్‌కి బస్సులు. టికెట్లు చర్చి బేస్‌మెంట్‌లో" అని ఉంది. కరపత్రాల మీద సంవత్సరం పెద్దగా వేయరు. పోయే శనివారం ఏ ఏడాదిదో చదివేవాడికి తెలుసు కదా! 1965 ఏప్రిల్ 17న, శనివారం నాడే, ఎస్‌డీఎస్ (స్టూడెంట్స్ ఫర్ ఎ డెమొక్రాటిక్ సొసైటీ) విద్యార్థులు వాషింగ్టన్‌లో వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా మొదటి పెద్ద ప్రదర్శన చేశారు. ఇరవై వేల మంది దాకా వచ్చారు. నాకు పూనకం వచ్చినంత పనయింది. అంత తొందరగా ఈ చిన్న ఊళ్లోంచి కూడా బస్సులు కట్టుకుని వెళ్లారన్నమాట అని పేజీన్నర రాసేశాను.

మా గైడ్ జిరాక్స్ చూసి, నేను రాసినదాని మీద ఒక్క గీత కూడా పెట్టలేదు. కరపత్రం వెనకవైపు, అడ్రసు పక్కనున్న తపాలా బిళ్ల చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి ఇచ్చేశారు. అది ఆరు సెంట్ల బిళ్ల, మీద రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యాధిపతిగా చేసి, తర్వాత అధ్యక్షుడైన ఐసెన్‌హోవర్ బొమ్మ. 1965లో ఉత్తరానికి ఐదు సెంట్లే. పైగా అమెరికాలో బతికున్నవాళ్ల బొమ్మ బిళ్ల మీద వేయరు. ఐసెన్‌హోవర్ పోయింది 1969లో. 1965, 1971 క్యాలెండర్లు రెండూ తారీఖుకి తారీఖు ఒకటే. ఆ బస్సులు 1971 ఏప్రిల్ 24 నాటి పెద్ద ప్రదర్శనకి, 17న జరిగింది టికెట్ల అమ్మకం. నా పేజీన్నర చెత్తబుట్టలోకి పోయింది. శాంతి కరపత్రాన్ని మోసుకొచ్చింది సైన్యాధిపతి బొమ్మ అన్నది మాత్రం ఇప్పటికీ నవ్వొస్తుంది.

అందుకని నేను చెప్పేది ఇంతే. సంఘటన పట్టుకుని కాగితం కోసం వెళ్లకండి, కాగితం పట్టుకుని సంఘటన దాకా వెళ్లండి. ఈ కాగితాన్ని ఎవరు, ఎందుకు దాచారు అన్నదే మొదటి ప్రశ్న. ఈ సబ్జెక్టులో కాగితం దాచినవాళ్లు రెండు రకాలు, ఉద్యమం చేసినవాళ్లు ఒకరు, వాళ్ల మీద నిఘా పెట్టినవాళ్లు ఇంకొకరు. చాలాసార్లు రెండో రకంవాళ్లే ఎక్కువ శ్రద్ధగా దాచారు.

విమెన్ స్ట్రైక్ ఫర్ పీస్‌ని తీసుకోండి. 1961 నవంబర్ 1న చాలా ఊళ్లలో గృహిణులు ఇంటి పనీ ఆఫీసు పనీ పక్కనపెట్టి, అణుపరీక్షలు ఆపమని రోడ్డెక్కారు. పరీక్షల ధూళిలోని స్ట్రాన్షియం-90 గడ్డి మీద పడి, ఆవు పాలలోకి, అక్కణ్నుంచి పిల్లల ఎముకల్లోకి చేరుతోందన్నది వాళ్ల భయం. అది ఉత్త భయం కాదు. సెయింట్ లూయిస్‌లో పిల్లల పాలపళ్లు లక్షల్లో పోగుచేసి పరీక్షించి మరీ తేల్చారు. వీళ్లు కావాలనే సభ్యత్వం పెట్టలేదు, లిస్టు రాయలేదు. 1962 డిసెంబర్‌లో కాంగ్రెస్‌లోని హెచ్‌యూఏసీ కమిటీ, అంటే కమ్యూనిస్టుల వేట కమిటీ, వీళ్లను విచారణకి పిలిచింది. ఆడవాళ్లు చంకలో పిల్లల్ని వేసుకుని హాలు నింపేశారు. సాక్షులకి పూలగుత్తులిచ్చారు, చప్పట్లు కొట్టారు. సభ్యులెవరని అడిగితే మాకు సభ్యులే లేరన్నారు. వాళ్ల నాయకురాలు డాగ్‌మర్ విల్సన్ పిల్లల పుస్తకాలకి బొమ్మలేసే ఆవిడ. కమ్యూనిస్టుల్ని చేరనిస్తారా అంటే, చేరాలనుకునేవాళ్లని ఆపే ఉద్దేశం నాకు లేదంది. కమిటీ నవ్వులపాలైంది. అప్పుడు వాళ్లని కాపాడింది ఆ లేని లిస్టే, ఇప్పుడు మనల్ని ఇబ్బంది పెట్టేదీ అదే. ఎవరెవరు ఉన్నారో తెలియాలంటే ఉత్తరాలు, చందా రసీదులు, చివరికి ఎఫ్‌బీఐ ఫైళ్లే దిక్కు.

ఎఫ్‌బీఐ అంటే గుర్తొచ్చింది. స్వార్త్‌మోర్ దాటాక అదే లైన్లో మూడో స్టేషన్ పేరు మీడియా. పేరుకి తగ్గట్టే వార్తల్లోకెక్కిన ఊరు. 1971 మార్చి 8 రాత్రి, మహమ్మద్ అలీ, ఫ్రేజియర్ బాక్సింగ్‌కి దేశమంతా రేడియోలకి అతుక్కుపోయి ఉండగా, ఎనిమిది మంది అక్కడి ఎఫ్‌బీఐ చిన్న ఆఫీసు తలుపు పగలగొట్టి, ఫైళ్లన్నీ సూట్‌కేసుల్లో సర్దుకుని పోయారు. వాళ్లలో ముఖ్యుడు విలియం డేవిడన్, హేవర్‌ఫర్డ్ కాలేజీలో ఫిజిక్స్ ప్రొఫెసర్. ఏరిన కాగితాల్ని పత్రికలకి పోస్టు చేస్తే, మార్చి 24న వాషింగ్టన్ పోస్ట్ వేసింది. ఉద్యమకారుల్ని ఇంకా ఎక్కువగా ప్రశ్నించండి, ప్రతి పోస్టు డబ్బా వెనకా ఎఫ్‌బీఐ ఏజెంటు ఉన్నాడని వాళ్లకి అనిపించాలి అన్న అర్థంలో ఒక కాగితం ఉంది. ఇంకో చీటీ మీద 'కాయిన్‌టెల్‌ప్రో' అన్న మాట కనిపించింది. ఉద్యమాల్ని లోపల్నుంచి దెబ్బతీయడానికి ఎఫ్‌బీఐ నడిపిన రహస్య కార్యక్రమం పేరది. దాని అర్థమేంటని ఎన్‌బీసీ విలేకరి కార్ల్ స్టెర్న్ సమాచార చట్టం కింద కోర్టుకెక్కి మరీ రాబట్టాడు. దొంగల కోసం ఎఫ్‌బీఐ 33 వేల పేజీల పైన ఫైలు తయారుచేసింది గానీ ఒక్కరినీ పట్టుకోలేకపోయింది. 2014లో వాళ్లలో చాలామంది వాళ్లంతట వాళ్లే బయటికొచ్చి చెప్పారు. నేను ఓ సాయంత్రం పని లేకపోయినా అక్కడ దిగి చూశాను. కోర్టు ఎదురుగా మామూలు భవనం.

ఇలాంటి ఎఫ్‌బీఐ ఫైళ్లు కొన్ని వాళ్ల సైట్లోనే 'వాల్ట్' పేరుతో ఉచితంగా ఉన్నాయి. సగం నల్ల గీతలే ఉన్నాయని నీరసపడకండి, గీత పక్కనున్న కోడ్ చూడండి. 'బి7డి' అంటే అక్కడ దాచింది ఇన్‌ఫార్మర్‌ని. 'బి7సి' అంటే ఒక వ్యక్తి వివరాలు. ఫైలు నంబరు 25తో మొదలైతే డ్రాఫ్ట్ (నిర్బంధంగా సైన్యంలో చేర్చుకోవడం) ఎగవేత కేసు, 100తో మొదలైతే దేశ భద్రత ఖాతా. రాసిందల్లా నమ్మకండి. ఇన్‌ఫార్మర్‌కి డబ్బులిచ్చేది కబురు తెచ్చినందుకే కాబట్టి లేని కుట్ర పుట్టిస్తాడు. అయితే తలకాయలు మాత్రం సరిగ్గా లెక్కపెడతాడు. నేను చూసిన ఒక మీటింగ్‌కి సంఘం మినిట్స్‌లో "హాజరు బాగుంది" అని ఉంటే, ఇన్‌ఫార్మర్ కాగితంలో "పందొమ్మిది మంది, కాఫీ తర్వాత పదకొండు" అని ఉంది. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే గానీ ఆ సాయంత్రం కళ్లకి కట్టదు.

ఇక ఇక్కడ కూర్చుని చేయడానికి. వియత్నాం కాలం మీకు నచ్చితే సైనికులే రహస్యంగా అచ్చేసుకున్న యుద్ధ వ్యతిరేక పత్రికలు తీసుకోండి. విస్కాన్సిన్ హిస్టారికల్ సొసైటీ వాటిని స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టింది. పరిశోధన వ్యాసాల ఆన్‌లైన్ లైబ్రరీ జేస్టోర్‌లో 'ఇండిపెండెంట్ వాయిసెస్' అన్న సేకరణకి కూడా డబ్బు కట్టక్కర్లేదు. టెక్సస్ టెక్ యూనివర్సిటీ వియత్నాం ఆర్కైవ్ కూడా అంతే. విద్యార్థులు, హిప్పీల మీద ఇప్పటికే కొండలా రాశారు, సైనికుల మీద అంత లేదు. నా ఓటు దానికే. ఏ పెట్టెలో ఏముందో చెప్పే జాబితాలు స్వార్త్‌మోర్ సైట్లో ఉంటాయి. అవి చదివి, ఫలానా పెట్టె, ఫలానా ఫోల్డర్ అని తేల్చి మెయిల్ పెట్టండి. నాకు తెలిసిన ఆర్కివిస్టులు అలాంటి మెయిల్‌కి తప్పక జవాబిస్తారు. "శాంతి ఉద్యమాల మీద ఏమైనా పంపండి" అని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు.

గాంధీ సంగతి ఒక్క మాట. మనవాళ్లందరం అక్కణ్నుంచే మొదలుపెడతాం, నేనూ పెట్టాను. లింకు నిజమే. కొరియా యుద్ధానికి వెళ్లనని జైలుకెళ్లిన నల్లజాతి పౌరహక్కుల నాయకుడు జేమ్స్ లాసన్, తర్వాత నాగపూర్ హిస్లాప్ కాలేజీలో కొన్నేళ్లు పనిచేసి, గాంధీని చదువుకుని వెళ్లాడు. 1917లోనూ 1941లోనూ యుద్ధానికి వ్యతిరేకంగా ఓటేసిన ఏకైక కాంగ్రెస్ సభ్యురాలు జానెట్ రాంకిన్ ఇండియాకి చాలాసార్లు వచ్చింది. 1941లో 388 మందికి ఎదురు ఆవిడదొక్కటే ఓటు. కానీ క్వేకర్లు గాంధీ పుట్టకముందు నుంచే కత్తి పట్టబోమన్నవాళ్లు. వాళ్ల కథ వాళ్ల దగ్గరే మొదలవనివ్వండి.

మొదటి ప్రపంచ యుద్ధం వైపు వెళ్తే లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ల 'క్రానిక్లింగ్ అమెరికా'లో పాత పేపర్లు ఉచితం. అక్కడ 'యాంటీవార్' అని వెతికి, ఏమీ దొరకట్లేదని నేను వారం రోజులు టెన్షన్ పడ్డాను. ఆ రోజుల్లో పేపర్లవాళ్లు ఆ మాట పెద్దగా వాడలేదు, తిట్టే వాడారు. 'స్లాకర్' (యుద్ధానికి వెళ్లకుండా ఎగ్గొట్టేవాడు) అని కొట్టి చూడండి. 1918 సెప్టెంబర్ మొదటి వారానికి న్యూయార్క్ పేపర్లు తెరిస్తే, డ్రాఫ్ట్ కార్డు జేబులో లేని మగాళ్లని వీధుల్లో వేలల్లో పట్టుకుపోయిన వార్తలు మొదటి పేజీలోనే కనిపిస్తాయి.