ఇచ్చిన సాయం ఫలించిందా? ట్రస్టులకు, దాతలకు జవాబులు

ప్ర: మా కుటుంబ ట్రస్టు ఏటా 12 సంస్థలకు కలిపి రూ.40 లక్షలు ఇస్తోంది. ఎక్కువగా బడిపిల్లల చదువుకే. అందరి రిపోర్టులూ బాగానే ఉంటాయి. ఎవరికి కొనసాగించాలో, ఎవరికి ఆపాలో తేలడం లేదు. – ఒక ట్రస్టీ, నరసరావుపేట

జ: రిపోర్టులతో మొదలుపెడితే తేలదు. డబ్బు మంజూరు చేసిన రోజే ఒక పేజీ రాసి ఫైల్లో పెట్టండి. ఏడాది తిరిగేసరికి ఏం మారుతుందని అనుకుంటున్నారు, ఎంతమందిలో, ఆ నమ్మకం నూటికి ఎంత, ఏం కనిపిస్తే ఆపేస్తారు. ట్రస్టీల్లో ఎవరి అంకె వాళ్లు విడిగా రాయాలి. పెద్దాయన ముందే చెప్పేస్తే మిగతావాళ్లూ అదే అంటారు. ఏడాది చివర ముందుగా ఆ పేజీ చదవండి, తర్వాతే రిపోర్టు తెరవండి. ఆ పేజీ లేకపోతే ఏ ఫలితం వచ్చినా మనం అనుకున్నదేలే అనిపిస్తుంది.

ఇక కొలత. పన్నెండింటినీ పైపైన చూడటం కంటే ఏటా మూడింటిని లోతుగా చూడటం మేలు. నాలుగేళ్లలో అందరి వంతూ వస్తుంది. ఒక సంస్థ కింద 600 మంది పిల్లలుంటే హాజరుపట్టీలో ప్రతి 30వ పేరూ తీయండి, 20 మంది వస్తారు. పేర్లు మీరే తీయాలి. చదవడం ఎంతవరకు వచ్చిందో చూడటానికి 'ప్రథమ్' అనే స్వచ్ఛంద సంస్థ పిల్లల చదువు స్థాయి తెలుసుకునే అసర్ సర్వేలో వాడే పద్ధతి చాలు: అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ. జూలైలో ఒకసారి, ఫిబ్రవరిలో మరోసారి అదే పిల్లలతో చదివించండి. 20 మందిని చూసి శాతాలు కట్టొద్దు. రిపోర్టులో రాసింది నమ్మదగిందో కాదో తెలుసుకోవడానికైతే సరిపోతారు.

లెక్క తప్పేది రెండు చోట్ల. ఫిబ్రవరిలో బడికి రాని పిల్లల్ని వదిలేస్తారు. తరచూ మానేసేది వెనకబడ్డవాళ్లే కాబట్టి, వాళ్లు జాబితాలోంచి పోతే ఎవరూ కొత్తగా ఏమీ నేర్చుకోకపోయినా సగటు పెరుగుతుంది. ఇంటికెళ్లయినా వాళ్లను చూడాలి. రెండోది, ఏ సాయమూ లేకపోయినా ఏడాదిలో పిల్లలు కొంత నేర్చుకుంటారు. అదే మండలంలో సాయం అందని రెండు మూడు బడుల్లోనూ చూస్తేనే మీ డబ్బు వల్ల వచ్చిన తేడా ఎంతో తెలుస్తుంది. ఈ పనికి ఏటా ఒక లక్ష పక్కన పెట్టండి, అది వృథా ఖర్చు కాదు.

ప్ర: ప్రభుత్వ బడులకు నోటుబుక్కులు, పలకలు, ప్రాక్టీసు పుస్తకాలకు డబ్బిచ్చాం. మొదటి ఏడాది మార్కులు పెరిగాయి, రెండో ఏడాది పెరగలేదు. ఎందుకు? – దాతల బృందం, ఖమ్మం

జ: ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005లో మొదలైన ఒక అధ్యయనంలో ఇదే బయటపడింది. రాష్ట్ర ప్రభుత్వం, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు కలిసి చేశాయి. లాటరీ తీసి 100 ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలకు గ్రాంటు ఇచ్చి, ఇవ్వని 100 బడులతో పోల్చారు. మొదటి ఏడాది గ్రాంటు ఎవరూ ఊహించనిది, మార్కులు పెరిగాయి. రెండో ఏడాదికి గ్రాంటు వస్తుందని తల్లిదండ్రులకు తెలుసు. పిల్లల చదువు మీద తాము పెట్టే ఖర్చు తగ్గించుకున్నారు, మార్కుల్లో తేడా దాదాపు పోయింది.

అందులో తల్లిదండ్రుల తప్పేమీ లేదు. మిగిలిన డబ్బు ఇంట్లో మరో అవసరానికి అక్కరకొచ్చింది. ఇంటి ఖర్చు తగ్గించడమే మీ ఉద్దేశమైతే మీ సాయం ఫలించినట్టే. చదువు పెరగాలంటే మాత్రం తల్లిదండ్రులు ఎలాగూ కొనేవి కాకుండా, వాళ్లు కొనలేనివి ఇవ్వండి: వెనకబడ్డ పిల్లలకు సాయంత్రం చదివించే మనిషి, తరగతిలో కథల పుస్తకాలు. పిల్లల పుస్తకాలకు, ట్యూషన్‌కు ఎంత ఖర్చయిందని ఏటా ఓ ఇరవై ఇళ్లలో అడగండి.

ప్ర: మా కంపెనీ సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత కింద చేయాల్సిన ఖర్చు) ఏటా రూ.3 కోట్లు. ప్రభావ మదింపు, అంటే ఆ ఖర్చుతో ఏం మారిందో లెక్కగట్టడం, తప్పనిసరా? – విశాఖపట్నం

జ: కాదు. గత మూడు ఆర్థిక సంవత్సరాల సగటున చేయాల్సిన సీఎస్ఆర్ ఖర్చు రూ.10 కోట్లు, ఆపైన ఉన్న కంపెనీలకే ఆ నిబంధన. అదీ రూ.కోటి, అంతకు మించిన ప్రాజెక్టు పూర్తయి ఏడాది గడిచాకే, బయటి స్వతంత్ర సంస్థతో చేయించాలి. అయితే మొదట్లో ఏ స్థితి ఉందో నమోదు చేయకపోతే అప్పటికి పోల్చడానికి ఏమీ మిగలదు. అందుకని తప్పనిసరి కాకపోయినా మొదటి నెలలోనే వివరాలు సేకరించి ఉంచండి.

ప్ర: లక్ష్యం చేరలేదని నిజం రాస్తే గ్రాంటులో రెండో వాయిదా సొమ్ము ఆగిపోతుందని భయం. ఏం చేయాలి? – స్వచ్ఛంద సంస్థ ఉద్యోగి, అనంతపురం

జ: ఈ భయం పోగొట్టాల్సింది డబ్బిచ్చేవాళ్లే. లక్ష్యం తప్పినంత మాత్రాన వాయిదా ఆపబోమని, తెలిసీ దాచిపెడితే ఆపుతామని ఫౌండేషన్లు మంజూరు లేఖలోనే రాయాలి. కొనసాగింపు నిర్ణయం ఒక నెలలో, అనుభవాల మీద మాట్లాడుకోవడం మరో నెలలో పెట్టుకోవాలి. రెండూ ఒకే సమావేశంలో ఉంటే ఎవరూ నోరు విప్పరు. అమెరికాలో సెంటర్ ఫర్ ఎఫెక్టివ్ ఫిలాంత్రపీ వంటి బయటి సంస్థలు గ్రాంటు పొందినవాళ్ల అభిప్రాయాలను పేర్లు లేకుండా సేకరించి ఫౌండేషన్లకు ఇస్తాయి. పది సంస్థలకే ఇచ్చే చిన్న ట్రస్టులో రాసిన తీరు చూసి ఎవరిదో పట్టేస్తారు. అక్కడ బయటి వ్యక్తి ఒకరు ఫోన్లో అడిగి, తన మాటల్లో క్రోడీకరించి ఇవ్వాలి.

మీ వైపు నుంచి, సంవత్సరాంతం దాకా ఆగొద్దు. నాలుగో నెలలోనే ఉత్తరం రాయండి: అనుకున్నది ఎంత, అయింది ఎంత, కారణం ఏమిటి, మిగిలిన డబ్బుతో ఏ మార్పు చేయదలచుకున్నారు. మార్పుకి రాతపూర్వక అనుమతి వచ్చాకే ఖర్చు పెట్టండి, లేకపోతే ఆడిట్‌లో ఇబ్బంది.