‘ఆయనకు ఏం తక్కువ చేశాం?’

ప్రశ్న: మాది నల్లగొండ. మావారు ప్రభుత్వ టీచరు. దేవరకొండ దగ్గర ఊళ్లో మామయ్యకు నాలుగెకరాల బత్తాయి తోట ఉంది. కిందటేడు అత్తమ్మ చనిపోయాక తోటను కౌలుకిచ్చి ఆయన్ని మా దగ్గరికి తెచ్చుకున్నాం. వేరే గది, టీవీ, వేళకు టిఫిను, బీపీ గోలీలు, దేనికీ లోటు లేదు. ఎక్కడైనా పారేసుకుంటారని ఏటీఎం కార్డు కూడా మావారి దగ్గరే ఉంచాం. అయినా సరిగా తినరు, మాట్లాడరు. రైతుబజారుకు పోతే మాత్రం అవసరం ఉన్నా లేకున్నా సంచుల నిండా కూరగాయలు తెస్తారు. దాని మీద తండ్రీ కొడుకులకు గొడవ. ‘కొట్టంల కట్టేసి మేతేసినట్టున్నది నా బతుకు’ అని మొన్న మా ఆడబిడ్డతో అన్నారట. ‘ఏం తక్కువ చేశాం’ అని మావారు బాధపడుతున్నారు. చుట్టాలేమో కోడలు చూస్తలేదంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: మీరు చేసినదాంట్లో లోపం లేదమ్మా. కాకపోతే చేసిందంతా ఒక వైపే చేశారు.

మీవారు టీచరు కాబట్టి డీఎస్సీకి చదివిన రోజుల్లో మాస్లో ‘అవసరాల అనుక్రమణిక’ బట్టీ పట్టే ఉంటారు. అబ్రహాం మాస్లో అనే అమెరికా మనస్తత్వవేత్త 1943లో ప్రతిపాదించాడు. ముందు తిండి, నిద్ర, తర్వాత భద్రత, ఆ తర్వాత ప్రేమ, గౌరవం, ఆఖరున తనలోని శక్తిని పూర్తిగా వాడుకోవడం. దీన్ని పుస్తకాల్లో పిరమిడ్‌లా గీస్తారు. ఆ బొమ్మ మాస్లో వ్యాసంలో లేదు, తర్వాతివాళ్లు తగిలించింది. అది చూస్తే అడుగున ఉన్నవి సమకూరిస్తే పైనున్నవి వాటంతట అవే వస్తాయనిపిస్తుంది. ఈ వరుస అందరికీ ఒకేలా ఉండదని మాస్లో అదే వ్యాసంలో రాశాడు. పరీక్షలో ఆ ముక్క అడగరు, అందుకే ఎవరికీ గుర్తుండదు.

మీ మామగారి విషయంలో నాకు ఇంకో సిద్ధాంతం ఎక్కువ పనికొస్తుందనిపిస్తోంది. ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయాన్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు దశాబ్దాలపాటు పనిచేసి తేల్చిందేమిటంటే, మనిషి మనసు నిలబడటానికి మూడు కావాలి. తన విషయాల్లో తన మాట చెల్లాలి. తనకు చేతనైన పని చేతిలో ఉండాలి. తనవాళ్లు అనుకునే మనుషులు చుట్టూ ఉండాలి. ఊళ్లో ఆయనకు ఈ మూడూ ఉండేవి. బత్తాయికి నీళ్లు ఎప్పుడు ఆపాలో, మళ్లీ ఎప్పుడు పారిస్తే పూత పడుతుందో ఆయనకు తెలుసు. కాయ చూసి బేరగాడితో రేటు తెంపింది ఆయనే. పొద్దుగూకితే అరుగు మీద నలుగురు కూర్చునేవారు, ఇంట్లో అత్తమ్మ ఉండేది. ఒక్క ఏడాదిలో అన్నీ పోయాయి. వాటికి బదులు టీవీ వచ్చింది.

ఇప్పుడు ఆ కూరగాయల సంచి సంగతి చూడండి. నాలుగు చోట్ల ధర అడిగి, ముదురు బెండకాయ తీసేసి, లేతది ఏరి, రెండు రూపాయలు తగ్గించుకుని తెస్తున్నాడాయన. రోజు మొత్తంలో ఆయనకు వచ్చిన పని అదొక్కటే. అది తెచ్చి గుమ్మంలో పెట్టగానే ‘ఇవన్నీ ఎవరు తినాలి’ అని కొడుకు అంటున్నాడు. ఇక తిండి సయిస్తుందా?

కాబట్టి ఇంటి కూరగాయల పని మొత్తం ఆయనకే అప్పజెప్పండి. నెల డబ్బులు ముందే చేతికివ్వండి, లెక్క అడగకండి. కిలో కావాల్సిన చోట రెండు కిలోలు తెస్తే పక్కింటికి పంపించండి, లేదా ఎండబెట్టి వరుగులు చేయమని ఆయన్నే అడగండి.

అంతకంటే ముందు చేయాల్సింది ఇంకొకటుంది. ఏటీఎం కార్డు సంగతి మీరు మాటల్లో మాటగా రాసి వదిలేశారు. నా కళ్లు అక్కడే ఆగిపోయాయి. కౌలు డబ్బులు, రైతు భరోసా అన్నీ ఆ ఖాతాలోనే పడుతుంటాయి కదా. మీకైతే ఆర్టీసీ బస్సు ఉచితం. ఆయన ఊరికి పోవాలంటే టికెట్టుకు కొడుకును అడగాలి. ఊరి పెత్తనం చేసిన మనిషికి అది ఎంత చిన్నతనం! పోతుందన్న భయముంటే ఖాతాలో కొంతే ఉంచి, మిగిలింది ఆయన పేరు మీదే ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయండి, అదీ ఆయన్నడిగి. కార్డు మాత్రం ఈ వారమే ఆయన చేతికివ్వండి.

ఉగాదికి కౌలు మాట మళ్లీ వస్తుంది. ఎవరికివ్వాలి, ఎంతకివ్వాలి, ఒక ఎకరం తనకే ఉంచుకోవాలా అన్నది ఆయన్నే తేల్చనివ్వండి. పదిహేను రోజులకోసారి తోట చూసొస్తానంటే ‘ఈ మోకాళ్లతోనా’ అనకండి.

ఇదంతా ఉత్తుత్తి గౌరవం కాకూడదు. 1976లో ఎలెన్ లాంగర్, జూడిత్ రోడిన్ అనే మనస్తత్వవేత్తలు అమెరికాలో ఒక వృద్ధుల ఆశ్రమంలో ఒక అంతస్తువాళ్లకు తలా ఒక మొక్క ఇచ్చి ‘మీరే చూసుకోండి, సినిమా ఏ రోజు చూస్తారో మీరే చెప్పండి’ అన్నారు. ఇంకో అంతస్తులో మొక్కలకు నర్సులే నీళ్లు పోశారు. మూడు వారాలకు మొదటివాళ్లు హుషారుగా ఉన్నారు, రెండోవాళ్లలో ఎక్కువమంది ఇంకా నీరసించారు. అదే ఏడాది రిచర్డ్ షుల్జ్ అనే పరిశోధకుడు వృద్ధుల మీదే ఇంకో అధ్యయనం చేశాడు. తమను పలకరించడానికి కాలేజీ పిల్లలు ఎప్పుడు రావాలో తామే నిర్ణయించుకున్న వృద్ధులు బాగా తేరుకున్నారు. అధ్యయనం అయిపోయి పిల్లలు రావడం మానేశాక వాళ్లే బాగా దిగజారారు. నెల రోజులు పెత్తనం ఇచ్చి, ఏదో పొరపాటు జరిగిందని వెనక్కి లాక్కుంటే ఇప్పటికంటే అధ్వాన్నమవుతుంది. పొరపాట్లు జరుగుతాయి. మనవి జరగడం లేదా?

‘స్వేచ్ఛ, సొంత నిర్ణయం అంటే పిల్లలకు దూరంగా ఒంటరిగా ఉండటమేగా’ అని మీవారు అడగవచ్చు. కాదు. కొడుకు ఇంట్లో ఉంటూనే తన మాట తనకు ఉండటం వేరు, విడిపోవడం వేరు.

ఒక జాగ్రత్త. భార్య పోయిన మనిషి, తిండి తగ్గింది, మాట తగ్గింది. నిద్ర కూడా పట్టకపోతే, బరువు తగ్గుతుంటే, ‘నేనెందుకు బతికున్న’ లాంటి మాటలు వస్తుంటే ఇది డిప్రెషన్ కావచ్చు. ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుడికి చూపించండి. చెవులు ఎంత వినిపిస్తున్నాయో కూడా చూపించండి, సరిగా వినిపించక మాట తగ్గించేవాళ్లు చాలామంది. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు.

మీ గురించి మీరు ఒక్క ముక్క రాయలేదు. ఆయన్ని తెచ్చుకునేటప్పుడు మిమ్మల్ని ఎవరైనా అడిగారా? టిఫిన్లు, గోలీలు, చుట్టాల మాటలు మీ నెత్తిన, నిర్ణయాలు మీవారివి. డెసీ, రయాన్ చెప్పిన ఆ మూడూ కోడళ్లకూ కావాలి. పొద్దున గోలీలు, డాక్టరు దగ్గరికి తీసుకుపోవడం మీవారి పనులని ఇవాళే చెప్పేయండి.

ఇవన్నీ చేశాక కూడా ఆయన ఊరికే పోతానంటే? అప్పుడు వంట ఎవరు చేస్తారు, బీపీ గోలీలు ఎట్లా అందుతాయి, రాత్రి పాణం బాగలేకుంటే ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి ఆయనతో కూర్చుని మాట్లాడి, ముందు ఒక నెల చూడండి. వెళ్లే తారీఖు ఆయన్నే చెప్పమనండి.