మీ ప్రశ్న, నా జవాబు: రాళ్ల చదువు, గోల్డెన్ ఊరు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఐదు ఒకే కాలేజీ గురించి. డెన్వర్‌కి పడమరగా, కొండలు మొదలయ్యే చోట గోల్డెన్ అనే చిన్న ఊరుంది. అక్కడి కొలరాడో స్కూల్ ఆఫ్ మైన్స్‌లోనే నేను 1990లలో మెటలర్జీ ఎమ్మెస్ చేశాను. ఇప్పటికీ ఆ ఊరికి ఇరవై నిమిషాల దూరంలోనే ఉంటున్నాను. కాబట్టి జవాబుల్లో కాస్త పక్షపాతం ఉంటుంది, ముందే చెప్పేస్తున్నా.

ప్రశ్న: మా అమ్మాయి హైస్కూల్ ఆఖరి ఏడాది. లెక్కలు, ఫిజిక్స్ బాగా వచ్చు. కంప్యూటర్ సైన్స్ తీసుకోవే అంటే, మైన్స్‌కి వెళ్లి జియలాజికల్ ఇంజినీరింగ్ చదువుతానంటోంది. పేరే గనుల బడి! బంధువులు అడిగితే ఏం చెప్పాలో తెలియట్లేదు. ఆడపిల్ల గనిలోకి దిగి ఏం చేస్తుంది? పైగా అది ప్రభుత్వ కాలేజీ అట. అంటే అడిగినవాళ్లకల్లా సీటిస్తారా? – ఒక తల్లి, అరోరా

ఆఖరి ప్రశ్నతో మొదలుపెడతానమ్మా. ప్రభుత్వ కాలేజీయే, కానీ అడిగినవాళ్లకల్లా ఇచ్చేది కాదు. లెక్కల్లో, సైన్సులో మార్కులు ఎలా ఉన్నాయో, స్కూల్లో ఎంత కష్టమైన క్లాసులు తీసుకున్నారో గట్టిగా చూస్తారు. మొత్తం విద్యార్థులు ఏడు వేల పైచిలుకు, అంతే. మొదటి ఏడాది దాదాపు అందరికీ ఒకటే మందు: కాల్క్యులస్, కెమిస్ట్రీ, ఫిజిక్స్. స్కూల్లో పుస్తకం తెరవకుండానే 'ఎ' గ్రేడ్ తెచ్చుకున్న పిల్లలు అక్కడ మొదటి మిడ్‌టర్మ్ తర్వాత అమ్మకి ఫోన్ చేసి ఏడుస్తారు. మీకూ ఆ ఫోన్ వస్తుంది, ఇప్పటినుంచే సిద్ధంగా ఉండండి.

పేరు సంగతి. కొలరాడో రాష్ట్రం ఏర్పడింది 1876లో. ఈ బడి అంతకు రెండేళ్ల ముందే, 1874లోనే, ప్రభుత్వం చేతికి వచ్చింది. బంగారం, వెండి కోసం జనం కొండల్ని తవ్విపోస్తున్న కాలం అది. తవ్వడం అందరికీ వచ్చు, ఖనిజంలో ఎంత లోహం ఉందో లెక్క తేల్చేవాళ్లు లేరు. అందుకే ఆ పేరు పడింది. ఇప్పుడక్కడ మెకానికల్, ఎలక్ట్రికల్, కెమికల్, సివిల్, మీరు కోరుకుంటున్న కంప్యూటర్ సైన్స్, అన్నీ ఉన్నాయి. ఏ మేజరన్నది మొదటి రోజే తేల్చుకోనక్కర్లేదు. ప్రపంచంలో ఎక్కడ పెద్ద భూకంపం వచ్చినా తీవ్రత ఇంత, కేంద్రం ఫలానా చోట అని చెప్పే యూఎస్ జియలాజికల్ సర్వే వారి నేషనల్ ఎర్త్‌క్వేక్ ఇన్ఫర్మేషన్ సెంటర్ కూడా ఆ క్యాంపస్‌లోనే ఉంది. బంధువులకి ఈ ముక్క చెప్పండి, సరిపోతుంది.

ఇక జియలాజికల్ ఇంజినీరింగ్. కొలరాడోలో ఉంటున్నారు కాబట్టి మీకు గుర్తుండే ఉంటుంది. 2021 జులై ఆఖర్లో గ్లెన్‌వుడ్ కాన్యన్‌లో వాన పడి, బురద, బండలు ఐ-70 హైవే మీదికి వచ్చిపడ్డాయి. అంతకుముందు ఏడాది ఆ కొండలు తగలబడ్డాయి, మట్టిని పట్టి ఉంచే చెట్టూ చేమా లేకుండా పోయింది. రోడ్డు రెండు వారాలు మూసేశారు. ఏ వాలు జారుతుంది, ఎక్కడ వల కట్టాలి, మళ్లీ రోడ్డు ఎప్పుడు తెరవచ్చు అని చెప్పేది మీ అమ్మాయి చదువుతానంటున్న చదువే. సొరంగాలు, ఆనకట్టలు, భూగర్భజలం కూడా అందులోవే.

గోల్డెన్ మధ్యలోంచి క్లియర్ క్రీక్ అనే ఏరు పారుతుంది. ఆ ఏటి కథ ఒక్కటి వింటే మీ అమ్మాయి ఎటు చూస్తోందో మీకే అర్థమవుతుంది. ఎగువన ఐడహో స్ప్రింగ్స్ దగ్గర ఆర్గో టన్నెల్ ఉంది. 1893లో మొదలుపెట్టి 1910 దాకా, నాలుగు మైళ్లకు పైగా కొండ కింద తొలిచారు. పైనున్న గనుల్లో నీళ్లు దిగిపోవడానికి, ఖనిజం బయటికి తేవడానికి. 1943లో లోపల పేలుడు పెడితే పాత గనిలో నిండి ఉన్న నీళ్లు ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి. నలుగురు చనిపోయారు. గని మూతపడింది కానీ నీళ్లు మాత్రం ఆగలేదు. కొండలో ఉన్న పైరైట్ అనే గంధకపు ఖనిజం గాలీ నీరూ తగిలితే ఆమ్లంగా మారుతుంది, ఆ ఆమ్లం రాయిలోని లోహాల్ని కరిగించుకుని ఏట్లోకి దిగుతుంది. తుప్పు రంగు నీళ్లు, చేప బతకదు. 1983లో ఆ ప్రాంతాన్ని సూపర్‌ఫండ్ జాబితాలో, అంటే విషం పేరుకున్న చోట్లని శుభ్రం చేసే కేంద్ర ప్రభుత్వ జాబితాలో, చేర్చారు. 1998 నుంచి టన్నెల్ నోటి దగ్గరే శుద్ధి ప్లాంటు నడుస్తోంది: నీటి పులుపు విరిచి, లోహాల్ని కింద పేరుకునేలా చేసి, తేటనీటిని ఏట్లోకి వదులుతారు. ఆ ప్లాంటు ఫలానా రోజు ఆపేయొచ్చు అని ఎవరూ చెప్పలేరు, కొండ తన పని మానదు కదా. తవ్వినవాడు పోయి ఎనభై ఏళ్లయినా కడిగేవాడు మిగిలే ఉంటాడు. మైన్స్‌లో ఈ రెండు పనులూ నేర్పుతారు. ప్రతి వసంతంలో ఈ-డేస్ పండగకి పిల్లలు అట్టపెట్టెలతో పడవలు చేసి పందెం వేసేది ఈ ఏట్లోనే. సగం మునిగిపోతాయి.

ఆడపిల్ల గనిలో ఏం చేస్తుంది అన్నారు. ఈ కాలేజీలో పట్టా తీసుకున్న మొదటి మహిళ ఫ్లోరెన్స్ కాల్డ్‌వెల్, 1898లో. అయినా ఆ తర్వాత కూడా చాలాకాలం ఆడవాళ్లు సొరంగంలో అడుగుపెడితే అరిష్టమనేవారు. మీరు స్కీయింగ్‌కి వెళ్తూ దాటే ఐసెన్‌హవర్ టన్నెల్ కడుతున్నప్పుడు జానెట్ బొన్నెమా అనే ఉద్యోగినిని ఆడదన్న కారణంతో లోపలికి రానివ్వలేదు. ఆమె కోర్టుకెక్కింది. 1972లో లోపలికి నడిచి వెళ్లింది, ఆమెని చూసి కొందరు కార్మికులు పని వదిలేసి బయటికి వచ్చేశారు. ఆ టన్నెల్ ఇప్పటికీ చెక్కుచెదరకుండానే ఉంది. ఇప్పుడు మైన్స్‌లో సుమారు మూడోవంతు అమ్మాయిలు.

మొదటిసారి గనిలోకి దిగడం ఎలా ఉంటుందో చెప్తాను. ఐడహో స్ప్రింగ్స్‌లో కాలేజీకి ఎడ్గార్ మైన్ అని సొంత గని ఉంది. 1870లలో వెండి, బంగారం కోసం తవ్విన పాత గని, 1921 నుంచి పిల్లల చేతుల్లో ఉంది. బయట మంచున్నా ఎండున్నా లోపల ఒకటే చలి. హెల్మెట్‌కి దీపం, నడుముకి సెల్ఫ్ రెస్క్యూయర్ డబ్బా, లోపల గాలి చెడితే ఊపిరి తీసుకోవడానికి. చేతికి ఒక పొడవాటి ఇనప కడ్డీ ఇచ్చి, తలమీది రాయిని తట్టమంటారు. కుండ కొనేటప్పుడు వేళ్లతో కొట్టి చూస్తామే, అచ్చం అంతే. గట్టి రాయైతే ఖంగుమంటుంది. లోపల వీడిపోయిన రాయైతే బోలుగా, బద్దకంగా మోగుతుంది. అది విన్నాక ఆ రాయి కింద నిలబడకూడదు, పక్కకి జరిగి కడ్డీతో దాన్ని పడగొట్టాలి. ఈ తేడా మా ప్రొఫెసర్ నోటితో చెప్పలేదు. నేను కొడుతూ ఉంటే ఆయన వింటూ నిలబడ్డాడు, అంతే.

ఇంకో గనిలో, పేరు చెప్పను, వేసవి ఉద్యోగం చేస్తున్నప్పుడు ఒక తప్పు చేశాను. లోపలికి వెళ్లే ప్రతివాళ్లూ తమ నంబరున్న ఇత్తడి బిళ్లని బోర్డు మీద 'లోపల' వైపు తగిలించాలి, బయటికి రాగానే తీసి 'బయట' వైపు తగిలించాలి. ఒక శుక్రవారం బస్సు తప్పిపోతుందన్న హడావిడిలో నా బిళ్ల అక్కడే వదిలేసి వచ్చేశాను. ఆ సాయంత్రం బ్లాస్టింగ్ ఆపేశారు. ఇద్దరు మనుషులు గంటన్నర సేపు నా కోసం లోపలంతా వెతికారు. నేనేమో ఇంట్లో అన్నం తింటున్నాను. సోమవారం ఫోర్‌మన్ నన్ను తిట్టలేదు. ఆ ఇద్దరినీ పిలిచి నా ముందు నిలబెట్టాడు. పాతికేళ్లు దాటింది, ఇప్పటికీ ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు చెయ్యి జేబులో ఏదో వెతుక్కుంటుంది.

భయపడాల్సింది గని గురించి కాదమ్మా. అది అన్నీ దొరికే కాలేజీ కాదు. నర్సింగ్, లా, సాహిత్యం అక్కడ లేవు. రెండో ఏడాది మీ అమ్మాయి మనసు సైన్సు మీంచి మళ్లితే డిపార్ట్‌మెంట్ కాదు, కాలేజీయే మారాలి. ఇంటికి దగ్గర, ఫీజు తక్కువ అన్న కారణంతో వెళ్తానంటే నేనే వద్దంటాను. రాయి చూస్తే ఆగిపోయే పిల్ల అయితే మాత్రం అడ్డు నిలబడకండి. బంధువుల కోసం ఇంకో ముక్క: అక్కడ బ్యాచిలర్స్ పట్టా కాగితం మీద ఇవ్వరు, వెండి రేకు మీద చెక్కి ఇస్తారు.

ప్రశ్న: టెక్సస్‌లో ఉంటాం. అబ్బాయి మైన్స్‌లో పెట్రోలియం ఇంజినీరింగ్ అంటున్నాడు. అప్పు చేసి చదివించమంటారా? ఉద్యోగం గ్యారంటీయేనా? – ఒక తండ్రి, కేటీ

గ్యారంటీ అన్న మాట ఈ రంగంలో ఎవరు వాడినా నమ్మకండి. 2020 ఏప్రిల్ 20న డబ్ల్యూటీఐ క్రూడ్ (అమెరికా ముడి చమురు) ధర బ్యారెల్‌కి మైనస్ 37.63 డాలర్లకి పడింది. అంటే నూనె వదిలించుకోవడానికి ఎదురు డబ్బులిచ్చారు. 2014 నుంచి 2016 దాకా ఇంకో దెబ్బ. నా మటుకు నాకు 1999లో బంగారం ఔన్సు 250 డాలర్ల దగ్గర పడున్నప్పుడు ఉద్యోగం పోయింది. పదకొండు నెలలు ఖాళీ. రాయికీ నూనెకీ సీజన్లుంటాయి. మంచి సీజన్‌లో జీతాలు బాగుంటాయి, చెడ్డ సీజన్‌లో మొదట కొత్తవాళ్లని పంపేస్తారు.

బయటి రాష్ట్రం వాళ్లకి ట్యూషన్ కొలరాడో వాళ్లకంటే రెట్టింపు పైనే. అంత పెద్ద అప్పుతో అంత ఊగిసలాడే రంగంలోకి దిగడం నాకు నచ్చదు. టెక్సస్‌లోనే మంచి పెట్రోలియం డిపార్ట్‌మెంట్లు ఉన్నాయి, ముందు వాటి సంగతి చూడండి. మైన్స్ మంచి స్కాలర్‌షిప్ ఇస్తే అది వేరే మాట. వాడు వచ్చేటట్టయితే పెట్రోలియంతో పాటు భూగర్భ జలాల గురించో, జియోథర్మల్ అంటే భూమి లోపలి వేడి గురించో కూడా చదవమనండి. బావి తవ్వే విద్య ఒకటే, లోపలినుంచి వచ్చేది మాత్రమే మారుతుంది.

ప్రశ్న: ఎఫ్-1 వీసా మీద ఎమ్మెస్ చేయాలని ఉంది. చంద్రుడి మీద గనుల చదువు అక్కడ నిజంగానే ఉందా? – ఒక విద్యార్థి

ఉంది నాయనా, నవ్వులాట కాదు. స్పేస్ రిసోర్సెస్ ప్రోగ్రాం 2018లో మొదలైంది, ఆ పేరుతో డిగ్రీ ఇవ్వడం ప్రపంచంలో అదే మొదలు. చంద్రుడి మీది మంచుని నీరుగా, ఇంధనంగా ఎలా మార్చాలి, అక్కడి మట్టిని ఎలా తవ్వాలి, అలాంటివి నేర్పుతారు. కానీ వీసా మీద వస్తున్నావు కాబట్టి ఒక్క సంగతి విను. అమెరికాలో రాకెట్లకి సంబంధించిన ఉద్యోగాల్లో చాలావాటికి పౌరసత్వమో గ్రీన్ కార్డో ఉండి తీరాలి. ఎగుమతి నియంత్రణ చట్టాలు అలాంటివి. ఓపీటీ (చదువయ్యాక ఇక్కడ పని చేసుకునే అనుమతి) పన్నెండు నెలలు, సైన్సు, ఇంజినీరింగ్ వాళ్లకిచ్చే స్టెమ్ పొడిగింపు ఇరవై నాలుగు నెలలు చేతిలో ఉన్నా, ఆ తలుపులు తెరుచుకోవు. మెటలర్జీయో మైనింగో ప్రధానంగా పెట్టుకుని, చంద్రుణ్ణి ఒకటి రెండు కోర్సులకి పరిమితం చెయ్యి.

చంద్రుడి రాయి చూడాలని ఉంటే డిగ్రీ కూడా అక్కర్లేదు. కాలేజీ జియాలజీ మ్యూజియంలో ఉంది, టికెట్ లేదు. అపోలో 17 తెచ్చిన రాళ్లలో ఒక్కో ముక్క ఒక్కో రాష్ట్రానికి ఇచ్చారు. కొలరాడో వాటా ఎటో పోయింది. 2010లో చూస్తే మాజీ గవర్నర్ జాన్ వాండర్‌హూఫ్ ఇంట్లో ఉంది. అక్కడినుంచి ఇక్కడికి చేరింది.

ప్రశ్న: కాలిఫోర్నియా నుంచి వచ్చి ఎనిమిది నెలలైంది. మా వాడికి ఇన్-స్టేట్ ఫీజు వర్తిస్తుందా? – లిటిల్‌టన్

క్లాసులు మొదలయ్యేసరికి మీరు కొలరాడోలో స్థిరపడి పన్నెండు నెలలు నిండాలి. వట్టి ఇంటి అద్దె చాలదు. డ్రైవింగ్ లైసెన్స్, కారు రిజిస్ట్రేషన్, రాష్ట్ర ఇన్‌కం ట్యాక్స్, అన్నీ ఇక్కడివే ఉండాలి. ఇవాళే మార్చుకోండి. తర్వాత కాలేజ్ ఆపర్చునిటీ ఫండ్‌కి (ఫీజులో కొంత రాష్ట్రమే కట్టే పథకం) మీ వాడు విడిగా అప్లై చేయాలి, దానంతటది రాదు. చాలామంది తల్లిదండ్రులు మొదటి బిల్లు చూసి కంగారుపడి నాకు ఫోన్ చేసేది ఇందుకే.

ప్రశ్న: మా అబ్బాయికి మైన్స్‌లో సీటొచ్చింది. ఇంటి దగ్గర్నుంచి పది పౌండ్ల రాయి పట్టుకెళ్లాలట. ర్యాగింగ్ ఏమో అని టెన్షన్‌గా ఉంది. – ఫోర్ట్ కాలిన్స్

ర్యాగింగ్ కాదండీ, పాత ఆనవాయితీ. గోల్డెన్ మీద మౌంట్ జయాన్ అనే కొండకి పెద్ద తెల్లటి 'ఎం' అక్షరం ఉంటుంది. 1908లో రాళ్లు పేర్చి చేశారు, 1932 నుంచి రాత్రిళ్లు దీపాలతో వెలుగుతుంది. కొత్తగా చేరినవాళ్లు తలో రాయి మోసుకుంటూ కొండెక్కి, అక్కడ పెట్టి, అందరూ కలిసి సున్నం కొడతారు. అక్షరానికి కొంత, ఒకరి మీద ఒకరికి ఎక్కువ. కాబట్టి పారేసే చొక్కా, పాత బూట్లు వేసి పంపండి. నీళ్లు రెండు సీసాలు.

రాయి బాత్రూం త్రాసు మీద తూచుకోండి. ఇసుకరాయి వద్దు, చేతిలోనే రాలుతుంది. అంచులు పదునుగా ఉన్నది కూడా వద్దు, బ్యాగు చిరుగుతుంది. డిగ్రీ అయ్యేటప్పుడు మళ్లీ పైకెక్కి రాయి వెనక్కి తెచ్చుకునే అలవాటు కూడా ఉంది, అయితే నాలుగేళ్ల సున్నం కింద ఏ రాయి ఎవరిదో పోల్చడం కష్టం. మా పక్కింటి పిల్ల తన రాయికి అడుగున ఉలితో చిన్న గాటు పెట్టుకుని వెళ్లింది. వేలితో తడిమి పట్టుకుంది.