డీపీఎఫ్ లైటు వెలిగితే ముందు చేయాల్సింది

తమ్ముడూ, రోజూ హన్మకొండ నుంచి కాజీపేట దాకా పిల్లల్ని స్కూల్లో దింపి రావడమే, అయినా కొత్త డీజిల్ బండిలో డీపీఎఫ్ (డీజిల్ పార్టిక్యులేట్ ఫిల్టర్) లైటు వెలిగింది, ఫిల్టర్ మార్చాలంటున్నారని రాశావు. అప్పుడే అంత టెన్షన్ వద్దు.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 (కాలుష్య ప్రమాణం) డీజిల్ కార్లలో పొగలోని మసిని ఈ ఫిల్టర్ పట్టి ఉంచుతుంది. దాదాపు 600 డిగ్రీల వేడికి ఆ మసి కాలిపోవాలి. చౌరస్తా చౌరస్తాకూ ఆగే నాలుగైదు కిలోమీటర్ల తిరుగుడులో అంత వేడి ఎక్కడిది?

లైటు బ్లింక్ కాకుండా నిలకడగా ఉంటే, ట్యాంకులో సగం డీజిల్ ఉంచుకుని పొద్దున్నే మడికొండ దాటి జనగామ రోడ్డెక్కు. ఒక గేరు తక్కువలో, 2000–2500 ఆర్‌పీఎం మీద, 60 స్పీడుకు పైనే ఇరవై, ముప్పై నిమిషాలు ఆపకుండా నడుపు. నాకైతే స్టేషన్ ఘన్‌పూర్ దాటాక ఆరిపోయింది. ఇంటి ముందు బండి ఆపాక కూడా ఫ్యాన్ హోరుమని తిరుగుతూ, కాలిన వాసన వస్తుంటే మసి కాలడం సగంలో ఆగిందని అర్థం. ఇంకో రౌండు వేసి రా.

లైటు బ్లింక్ అవుతున్నా, ఇంజిన్ లైటు కూడా వెలిగినా, పికప్ పడిపోయినా మాత్రం ఈ ప్రయత్నం చేయకు. సర్వీసు సెంటర్లో స్కానర్ పెట్టి రీజనరేషన్, అంటే మసి కాల్చే పని, చేయించు. మార్చమనే ముందు మసి రీడింగ్ చూపించమని గట్టిగా అడుగు. ఫిల్టర్ తీసేస్తే సరిపోతుందనే మెకానిక్ మాట అసలు వినకు, అది చట్టవిరుద్ధం.

ఇంజిన్ ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ కూడా తీసి చూడు. ఆయిల్ పై గీత దాటి, డీజిల్ వాసన కొడుతుంటే అందులో డీజిల్ కలిసినట్టే, వెంటనే ఆయిల్ మార్పించు, అదీ మాన్యువల్‌లో రాసిన గ్రేడే.